పంట తినని పిట్టలు

చెయ్యి కట్టుకోండి

పిట్టల లెక్క పనిలోకి కొత్తగా వచ్చే ఆడపిల్లలకు నేను చెప్పే మొదటి మాట ఇదే: ముందు చెయ్యి కట్టుకోండి. మీలో చాలామందికి ఆ అవసరం ఉండదనుకోండి. మీరు కాలేజీలో చదువుకొని, మెడలో బైనాక్యులర్ వేసుకొని వస్తున్నారు. నేను మంచె మీద నుంచి దిగి వచ్చాను.

నా పేరు శౌరమ్మ. మాది రెంటచింతల పక్కన పల్లె. పావడా కట్టిన వయసు నుంచి జొన్నచేలకు కాపలా ఉన్నాను. నాలుగు గుంజలు పాతి, పైన తడిక వేసి, దాని మీద నిలబడి పొద్దు పొడిచిన దగ్గర నుంచి పిట్టల్ని తోలడం నా పని. చేతిలో వడిసెల, ఒళ్ళో రాళ్ళు. వడిసెల అంటే ఏమిటో తెలియని పిల్లలున్నారు ఇప్పుడు. మధ్యలో రాయి పట్టేంత జాగా ఉన్న తాడు అది. తల చుట్టూ తిప్పి ఒక కొస వదిలితే రాయి చేను ఆ చివర పడుతుంది. పిట్టకు తగలాలని వేసేది కాదు, దాని పక్కన పడాలి. మా అమ్మ చెప్పేది, "తోలు, చంపమాక. సచ్చిన పిట్ట ఏం జెప్పుద్ది? బతికిన పిట్టైతే పది పిట్టలకు జెప్పుద్ది" అని.

ముప్పై ఏళ్ళు అట్లా గడిచాయి. తర్వాత జొన్న పోయి మిరప వచ్చింది, పత్తి వచ్చింది. వాటికి నాలాంటి కాపలా అక్కర్లేదు. మంచెల గుంజలు పొయ్యిలోకి పోయాయి. ఆ ఏడు రోహిణి కార్తెలోనే నా భర్త జోజప్ప మేకలు మేపుతూ వడదెబ్బకు పోయాడు. రెంటచింతల ఎండ సంగతి వేరే చెప్పక్కర్లేదు. పని లేదు, మనిషి లేడు. ఆ చలికాలమే మాచర్ల నుంచి పిట్టల లెక్క రాసే మూర్తి సారు జీపులో వచ్చారు. ఈ చుట్టుపక్కల పిట్టలు బాగా తెలిసిన వాళ్ళెవరని టీకొట్టు దగ్గర అడిగితే, అందరూ నవ్వుతూ నా ఇంటి వైపు చూపించారు.

మొదటి రోజు ఒక జొన్నచేను గట్టు మీద కూర్చున్నాం. ఊళ్ళో గొడ్ల కోసం వేసిన చేను అదొక్కటే మిగిలింది. సారు బైనాక్యులర్ పట్టుకొని ఊపిరి కూడా గట్టిగా తీయకుండా కూర్చున్నారు. ఎండ నెత్తి మీదకు వచ్చింది. అప్పుడు దిగాయి జొన్నపిట్టలు. గులాబీ రంగు ఒళ్ళు, నల్ల తల, నల్ల రెక్కలు. గోరింకకు చుట్టాలు. చేను ఒక్కసారిగా నల్లబడింది. సారు ముఖంలో వెలుగు వచ్చింది. అంతే, నా గొంతులోంచి "హోయ్... హో హో హోయ్!" అని ఒక కేక. నేను అరవలేదు, అదే వచ్చింది. నడుముకు చుట్టుకున్న వడిసెల ఎప్పుడు చేతిలోకి వచ్చిందో, రాయి ఎప్పుడు ఎగిరిందో నాకే తెలియదు. చేను ఖాళీ. ఒక్క పిట్ట లేదు.

సారు బైనాక్యులర్ దించి నా వైపు చూశారు.

"ఏమమ్మా, నేను నిన్ను లెక్కపెట్టమన్నానా, తోలమన్నానా?"

"ఏంజేద్దును సారూ. చెయ్యి ముప్పైయేళ్ళది. నేను కొత్తగా జేరా గానీ అది జేర్లా."

ఆయనకు కోపం పోలేదు. "రెండు గంటలు కూర్చున్నానమ్మా!" అని జీపు దాకా అదే మాట అంటూ నడిచారు. మర్నాడు నేను వడిసెల ఇంట్లో పెట్టి, కుడిచెయ్యి కొంగుతో నడుముకు కట్టేసుకొని వెళ్ళాను. నెల రోజులు అట్లాగే కూర్చున్నాను. ఇప్పటికీ పిట్టల మంద దిగితే నా కుడిచెయ్యి కొంగును వెతుక్కుంటుంది.

మీకు వడిసెల లేకపోవచ్చు. కానీ ప్రతి మనిషికీ ఈ పనిలోకి రాకముందు నేర్చిన చెయ్యి ఒకటి ఉంటుంది. అది ఏదో చూసుకొని కట్టుకోండి.

కుంచెడు పిట్టలు

మంద దిగగానే సారు అడిగే ప్రశ్న ఒకటే: "ఎన్ని ఉంటాయి?"

"కుంచెడు సారూ."

"కుంచెడేంటమ్మా? పిట్టలు ఎన్ని అని అడుగుతున్నా."

"నేను జెప్పేదీ పిట్టలే."

మంచె మీద ఉన్నప్పుడు సాయంత్రం చేను ఆసామి వచ్చి అడిగేవాడు, ఇవాళ ఎంత పోయిందే అని. పిట్టలు ఎన్ని వచ్చాయన్నది అతనికి అక్కర్లేదు, గింజలు ఎన్ని పోయాయో కావాలి. అందుకని మా కళ్ళు అట్లా అలవాటు పడ్డాయి. మంద దిగి, మేం లేపేలోపు ఎంత తినగలదో, ఆ మంద అంత. గింజల కొలతలే: సోలెడు పిట్టలు, మానికెడు పిట్టలు, కుంచెడు పిట్టలు. మా అమ్మ అంతే చెప్పేది, వాళ్ళమ్మా అంతే.

సారు మొదట నవ్వారు. తర్వాత నవ్వడం మానేసి నన్ను పరీక్ష పెట్టారు. మంద లేచినప్పుడు ఫోటో తీయడం, రాత్రి మాచర్లలో కూర్చొని ఆ ఫోటోలో పిట్టల మీద పెన్నుతో ఒక్కో చుక్క పెట్టుకుంటూ లెక్కపెట్టడం. వారం తర్వాత వచ్చి జీపు దిగుతూనే అన్నారు.

"శౌరమ్మా, నీ మానికె తప్పడం లేదమ్మా. నా అంచనాయే తప్పుతోంది."

"మరి రాసుకోండి."

"రాసుకున్నా. మొన్న పిచ్చుకలు మానికెడు అన్నావు, నిన్న చిలకలు మానికెడు అన్నావు. చిలకలు సగం కూడా లేవే?"

"చిలక మానికె వేరు సారూ. పిచ్చుక కడుపుకు తింటది. చిలక ఒక గింజ తిని పది గింజలు కింద పోస్తది. బాగా కలిగినోళ్ళ యింట్లో పెళ్ళి భోజనం జూళ్ళా మీరు?"

ఆ రోజు నుంచి ఆయన నోటు పుస్తకంలో ఒక్కో పిట్టకు ఒక్కో మానికె రాసి పెట్టుకున్నారు. ఆయన గొప్పతనం అదే అంటాను నేను. కోపం చాలా ఉంది, ఓపిక తక్కువ, టీ చల్లారితే డ్రైవర్ మీద అరుస్తారు. కానీ చదువురాని మనిషి లెక్కను పారేయలేదు. దానికి తగ్గట్టు తన లెక్కను సరిచేసుకున్నారు.

ఆయన నింపే కాగితంలో గడులు ఉండేవి. పిట్ట పేరు ఒక గడి, ఎన్ని అన్నది ఒక గడి, చివరి గడి 'చోటు చూపినవారు' అని. ఆ చివరి గడిలో ప్రతిసారీ నా పేరు రాసి, చదివి వినిపించేవారు. నా పేరు కాగితం మీద ఎట్లా ఉంటుందో నాకు గుర్తుపట్టడం వచ్చింది. ఇప్పటికీ నేను చదవగలిగిన మాట అదొక్కటే.

జానెడు దూరం

ఒకసారి సారు జీపు బానెట్ మీద ఒక పటం పరిచారు. ఆసియా అన్నారు. మేమున్నది ఎక్కడని అడిగితే వేలు పెట్టి చూపించారు. రెంటచింతల పేరు లేదు, మాచర్ల పేరు లేదు. కృష్ణ మాత్రం వెంట్రుకంత గీతగా ఉంది.

"ఇదిగో, నువ్వు ముప్పైయేళ్ళు తోలిన జొన్నపిట్టలు ఇక్కడి నుంచి వస్తాయి" అని పైన ఎక్కడో వేలు పెట్టారు. కజకస్థాన్ అన్నారు. నేను బొటనవేలు అక్కడ పెట్టి చిటికెనవేలు చాచాను. సరిగ్గా మా ఊరి మీదకు వచ్చింది. జానెడు.

"ఈ పసుపు పొట్ట పిచ్చుకలు పడమటి నుంచి. ఈ తోక ఊపుకుంటూ తిరిగే బూడిదరంగు పిట్ట హిమాలయాల నుంచి. చెరువులో దిగే బాతులు ఇంకా పైనుంచి."

అవి మా ఊరి పిట్టలే అనుకున్నాను నేను, మా జొన్న కోసం పుట్టిన దొంగలని. పాలపిట్ట, తీతువు, కముజు, గిజిగాడు, ఇవన్నీ ఏడాది పొడుగునా ఇక్కడే ఉంటాయి గనక ఇంటివాళ్ళు. చలికాలం వచ్చేవాళ్ళు ఎక్కడో పక్క మండలంలో ఉండి వస్తారనుకున్నాను. అచ్చంపేట వైపు ఉంటాయేమో అనుకునేదాన్ని. ఇన్ని రకాల పిట్టలు ఇన్ని దేశాల నుంచి మా చేను గట్టు మీదకు వచ్చి కూర్చుంటున్నాయని ఎవరు చెప్పారు నాకు?

"ఆడ యేందినుంటయ్యి సారూ? ఆడా జొన్నేనా?"

"అక్కడ మిడతలమ్మా. పిల్లల్ని అక్కడే పెడతాయి, పిల్లలకు మిడతలు పెడతాయి. మిడతల దండు పంట మీద పడకుండా ఇవి కాపాడతాయని అక్కడి వాళ్ళు వీటి గూళ్ళ కోసం రాళ్ళు కుప్పలు పోసి పెడతారు."

నేను పటం మీద చెయ్యి తీయలేదు. ఈ కొసన నేను రాయి విసిరాను. ఆ కొసన నాలాంటిదే ఎవరో ఆడమనిషి అదే పిట్ట కోసం రాళ్ళు పేర్చి ఇల్లు కడుతోంది. పిట్ట అదే. ఇక్కడ దొంగ, అక్కడ చుట్టం.

ఆ రాత్రి నిద్ర పట్టలేదని చెబితే అబద్ధం. బాగా పట్టింది. కానీ ఆ రోజు నుంచి ఏ పిట్టనూ దొంగ అని పిలవలేదు.

చూడని పిట్టను చూశానని

మూడో చలికాలం సారు సెలవులో ఉంటే ఇంకొక ఆయన వచ్చారు. పేరు చెప్పను. జీపు దిగేవారు కాదు. అద్దం కొంచెం దించి, "ఏమన్నా అరుదైనవి కనపడ్డాయా?" అనేవారు. రోజూ అదే మాట. పాలపిట్ట అంటే ముఖం చిట్లించేవారు. ఒక రోజు ఆయన సంతోషపడతారని, బట్టమేక పిట్టను చూశానని చెప్పాను. మా నాయనమ్మ చెప్పగా విన్న పిట్ట అది, మనిషి నడుమెత్తు ఉంటుందని. నేను ఎన్నడూ చూసింది లేదు. ఆయన రాసుకున్నారు. ఫోనులో ఎవరెవరికో చెప్పారు.

నెల తిరిగేసరికి బెంగుళూరు నుంచి ఒక ముసలాయన, ఆయన భార్య వచ్చారు. జీవితమంతా ఆ పిట్ట కోసం తిరుగుతున్నారంట. రెండు రోజులు మా చేలల్లో ఎండలో నడిచారు. మూడో రోజు ఆయన నా ముందు చేతులు జోడించి, "ఏ వైపు చూశావో ఒక్కసారి చూపించమ్మా" అన్నారు. నాకు భూమిలోకి పోదామనిపించింది. చూడలేదయ్యా, అబద్ధమాడాను అని చెప్పేశాను. ఆయన జోడించిన చేతులు దించేసి వెనక్కి తిరిగారు. భార్య మాత్రం ఫ్లాస్కులో టీ ఒక మూత పోసి నా చేతికి ఇచ్చింది. ఆ టీ తాగడం కన్నా నాలుగు తిట్లు తినడం తేలిక.

చూడనిది చూశానని చెప్పడం తప్పు. ఇది ఎవరికైనా తెలుసు. నేను చేసిన పెద్ద తప్పు ఇది కాదు. అది ఇంకొకటి ఉంది.

అడగలేదు కదా అని

మా ఊరికి తూర్పున అంజిరెడ్డి మావ బీడు ఉంది. అంతా రాళ్ళు, మోకాలెత్తు గడ్డి. అంజిరెడ్డి మావ మా ఊళ్ళో పెద్ద ఆసామి. నాకు రక్త సంబంధం లేదు, పిలుపు అంతే. జోజప్ప మేపింది ఆయన మేకల్నే.

ఆ బీట్లో మేకలు మేపేటప్పుడు పొద్దు గుంకక ముందే జోజప్ప మందను బయటకు తోలుకొచ్చేవాడు. పెళ్ళైన కొత్తలో సద్ది తీసుకొని పోయి నేను అడిగాను.

"ఏందయ్యా, యింకా వెలుగుంది. అప్పుడే తోలతన్నావేంది?"

"అయి దిగే యేళైంది గదే."

"ఏయి?"

"కూకో, జూద్దువు."

కూర్చున్నాను. పిల్లిగద్దలు వచ్చాయి. ఒకటి, తర్వాత ఒకటి, నాలుగు దిక్కుల నుంచి. రెక్క కొట్టిన చప్పుడు లేదు. మగవి బూడిద రంగు, ఆడవి గోధుమ రంగు. రెక్కలు దోసిలి పట్టినట్టు పైకెత్తి, గడ్డి మీదుగా రెండు చుట్లు తిరిగి, ఒక్కొక్కటే గడ్డిలోకి దిగిపోయాయి. చెట్టెక్కవు అవి, నేల మీదే పడుకుంటాయి. జోజప్ప తలగుడ్డ తీసి చేతిలో పట్టుకొని నిలబడ్డాడు, గుళ్ళో నిలబడ్డట్టు. నేను పగలబడి నవ్వాను.

"గద్దలకు గుడ్డ తీస్తావేందయ్యా, చర్చికి యిచారణ గురువులొచ్చినట్టు!"

"నవ్వుకో. యెంత దూరం తిరిగొచ్చినయ్యో. పడుకునే కాడ మేకలతో తొక్కిస్తే పాపం గదే."

దూరం నుంచి వస్తాయని అతనికి ఎవరు చెప్పారో తెలియదు. పొద్దున్నే వెళ్ళి అవి కక్కిన ఉండలు ఏరుకొచ్చేవాడు. చితిపితే అన్నీ మిడతల కాళ్ళే. "జూడవే శౌరీ, మన చేను మిడతలు" అని మురిసిపోయేవాడు.

మంచె మీద నాకూ అవి సాయమే. పిల్లిగద్ద చేను మీదుగా తక్కువ ఎత్తులో పోయిందంటే పిచ్చుకలన్నీ లేచిపోయేవి. ఆ కాసేపు వడిసెల దించి నీళ్ళు తాగేదాన్ని.

మరి సారు దగ్గర ఆరు చలికాలాలు పనిచేసి ఈ ముక్క ఒక్కసారి కూడా ఎందుకు చెప్పలేదు? ఇప్పుడు అడిగితే నాకే నమ్మబుద్ధి కాదు. మంచె నేర్పింది అంతే. పిట్ట అంటే చేను తినేది. ఎంత తింటుందో అంత దాని లెక్క. గింజ ముట్టని పిట్టకు సోలా లేదు, మానికా లేదు. ఆసామి దాని గురించి ఎప్పుడూ అడగలేదు, నేను ఎప్పుడూ చెప్పలేదు. సారు కూడా పొద్దున వచ్చి నాలుగింటికల్లా మాచర్ల తిరిగి వెళ్ళేవారు. అవి దిగే వేళకు ఆయన ఉండరు. జోజప్ప పోయాక, సమాధి దగ్గరికి తప్ప, నేను ఆ బీడు వైపు పోలేదు. పోబుద్ధి కాలేదు.

ఆరో చలికాలం అయిపోయిన ఎండాకాలంలో అంజిరెడ్డి మావ బీటికి ట్రాక్టరు పెట్టించాడు. మిరప వేస్తాడంట. మా ఇంటి ముందు నుంచే పోయింది ట్రాక్టరు. నేను అరుగు మీద కూర్చొని చూశాను. అవి దిగే వేళ గుర్తుకొచ్చింది, అబద్ధం చెప్పను. కానీ పొలం ఎవరిది, ట్రాక్టరు ఎవరిది అనుకున్నాను.

ఆ ఏడు చలి మొదలవగానే సారు వచ్చారు. చేతిలో ఫోను, ముఖంలో తొందర. విదేశం వాళ్ళు ఒక పిల్లిగద్ద వీపుకు ఉప్పురాయంత యంత్రం కట్టి వదిలారంట. అది పోయిన చలికాలమంతా రాత్రిళ్ళు ఎక్కడ పడుకుందో ఆ యంత్రం చెబుతుందంట. ఫోనులో ఒక ఎర్ర చుక్క చూపించారు.

"ఇది మీ ఊరేనమ్మా. ఊరికి తూర్పు వైపు. ఇక్కడేముంది?"

"బీడు సారూ." వెంటనే సర్దుకున్నాను. "ఉండేది."

"అక్కడ పిల్లిగద్దలు దిగుతాయా?"

"దిగేయి సారూ. నా పెళ్ళి కాకముందు నించీ."

సారు గట్టు మీద కూర్చుండిపోయారు. అరవలేదు. అరిస్తే బాగుండేది.

"ఆరేళ్ళు నా పక్కనే కూర్చున్నావు కదమ్మా. ఒక్కసారన్నా చెప్పలేదేం?"

"మీరడగలేదు సారూ. అయి పంట తినవు గదా."

ఆ సాయంత్రం ఇద్దరం తూర్పుకు వెళ్ళాం. బీడు లేదు. నల్లటి దుక్కి, దాని మీద మిరపమొక్కలు, డ్రిప్పు పైపులు. పొద్దు వాలగానే వచ్చాయి అవి. ఎప్పటిలాగే నాలుగు దిక్కుల నుంచి. చుట్టూ తిరిగాయి. దిగబోయి లేచాయి. ఒకటి పైపు దాకా కాళ్ళు చాపి మళ్ళీ ఎగిరింది. జానెడు పటం దాటి వచ్చి, పడుకునే జాగా లేక తిరుగుతూనే ఉన్నాయి. నేను మొదటిసారి వాటిని లెక్కపెట్టాను. కుంచమూ మానికా పనికిరాలేదు. ఒక్కో వేలు మడుచుకుంటూ లెక్కపెట్టాను. రెండు చేతుల వేళ్ళూ రెండుసార్లు మడిచాను. చీకటి పడుతుండగా అవి వెళ్ళిపోయాయి. ఎటు పోయాయో తెలియదు.

జోజప్ప నమ్మి అప్పజెప్పిన దాన్ని నేను నోరు తెరవక పోగొట్టాను. అది ఒక్కటే తోచింది నాకు.

రాళ్ళ ముక్క

మర్నాడు పొద్దున్నే అంజిరెడ్డి మావ ఇంటికి వెళ్ళాను. ఆయన పళ్ళు తోముకుంటున్నాడు.

"ఏమే శౌరీ, పొద్దున్నే ఊడిపడ్డావు?"

"మావా, బీడు గురించి."

చెప్పాను. అంతా విని పుక్కిలించి ఊశాడు.

"గద్దలు పడుకోటానికి మిరపతోట పీకమంటావా? నీకేమన్నా మతి బోయిందా యేందే?"

"తోటంతా కాదు మావా. ఆ చివర రాళ్ళ ముక్క. ఆడ మొక్క కూడా సరిగా లేవలా. నిన్న జూశా."

"లేవకపోతే మళ్ళా నాటతా. నీకేందే లాభం?"

"నాకేం లాభం లేదు. దున్నేటప్పుడు నేను జెప్పాల్సింది. జెప్పలా."

"నువ్వు జెప్పినా దున్నేవాణ్ణే."

"దున్నేవాడివే. అయినా నేను జెప్పాల్సింది."

ఆయన మూతి తుడుచుకుంటూ నా వైపు చూశాడు. "జోజిగాడు గూడా ఇంతే. పొద్దుండంగనే మేకల్ని తోలకొచ్చేవాడు. సోమరిపోతని తిట్టేవాణ్ణి. యిందుకా?"

"యిందుకే."

నేను అన్నాను, "గొడ్లకు జొన్న ఏస్తానంటన్నావుగా యీసారి. చిలకలు బతకనియ్యవు. నేను కాస్తా. కూలొద్దు. ఆ రాళ్ళ ముక్క వదిలెయ్."

"నీ ఒంటికి మంచెక్కే ఓపికుందే?"

"ఎక్కడానికుంది. దిగడానికి లేకపోతే ఆడ్నే ఉంటా."

ఆయన నవ్వాడు. పల్నాటి ఆసామి నవ్వాడంటే సగం ఒప్పుకున్నట్టే. మిరప కోత అయ్యాక ఆ ముక్కలో ట్రాక్టరు పెట్టలేదు.

రెండు పంటకార్లు కాశాను ఆ జొన్న. పొద్దున వడిసెలతో పిట్టల్ని తోలడం, ఎండెక్కాక చెయ్యి కట్టుకొని సారు పక్కన కూర్చొని అవే పిట్టల్ని లెక్కపెట్టడం. "నీకు రెండు ముఖాలమ్మా" అనేవారు సారు. పిట్టలకు కూడా అట్లాగే అనిపించి ఉంటుంది.

గడ్డి మొదటి ఏడు జానెడు లేచింది. పిల్లిగద్దలు రాలేదు. సారు బదిలీ మీద వెళ్ళిపోతూ, "ఆశ పెట్టుకోకు శౌరమ్మా. అవి వేరే చోటు చూసుకొని ఉంటాయి" అన్నారు. ఆయన ఎప్పుడూ ఊరడించడానికి అబద్ధం చెప్పరు. రెండో ఏడు గడ్డి మోకాలికి వచ్చింది. రోజూ పొద్దున పోయి ఉండల కోసం వెతికాను. ఒక్కటి దొరకలేదు.

ఈలోపు నా కళ్ళకు శుక్లాలు వచ్చాయి. గట్టు అవతల ఉన్నది చెట్టో మనిషో తేలడం లేదు. తొమ్మిది చలికాలాలతో పని వదిలేశాను. నా చోటులోకి రెహానా వచ్చింది. నరసరావుపేట పిల్ల, వాళ్ళ నాన్న మెకానిక్కు. డిగ్రీ చదివింది. ఇప్పుడు నేను చెబుతుంటే రాస్తున్నది ఆ పిల్లే. నన్ను అమ్మమ్మా అంటుంది.

సమాధుల పండగ

ఈ ఏడు సమాధుల పండగ నాడు సాయంత్రం జోజప్ప సమాధి కడిగి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించాను. మా వాళ్ళ సమాధుల దొడ్డి ఊరికి తూర్పునే ఉంది. గోడ అవతల అంజిరెడ్డి మావ పొలం, ఆ రాళ్ళ ముక్క ఉన్న వైపు. నాకు సరిగా కనపడదని రెహానా చెయ్యి పట్టుకొని తీసుకొచ్చింది. ఊరంతా అక్కడే ఉంది. పిల్లలు కొవ్వొత్తుల మైనం ముద్దలు చేసుకుంటున్నారు.

రెహానా గోడ మీద చేతులు పెట్టి నిలబడింది. కాసేపటికి అంది.

"అమ్మమ్మా, గడ్డి మీద ఏదో తిరుగుతోంది."

"కాకేమో."

"కాకి కాదు. పెద్దది. సన్నంగా ఉంది."

నా చెయ్యి అప్పటికే కొంగును పట్టుకుంది. "రెక్కలెట్టా పెట్టింది?"

"పైకి. ఇట్టా." రెండు చేతులూ దోసిలి పట్టి నా ముఖం దగ్గరగా పెట్టి చూపించింది.

"రంగు?"

"గోధుమ రంగు. తోక మొదట్లో తెల్లగా ఉంది."

"ఆడది. కేకెయ్యమాక. ఊరికే జూడు."

"తిరుగుతోంది... మళ్ళీ తిరుగుతోంది... కాళ్ళు దించింది..." రెహానా గొంతు తగ్గిపోయింది. "దిగింది అమ్మమ్మా. గడ్డిలోకి దిగింది."

"లేచిందా?"

"లేదు."

"ఇంకా జూడు."

చూసింది. కొవ్వొత్తులు సగానికి వచ్చే దాకా చూసింది. అది లేవలేదు. ఇంకొకటి రాలేదు.

"ఒకటే అమ్మమ్మా" అంది దిగులుగా.

"ఒకటి శానే. రాసుకో."

సంచిలోంచి కాగితం తీసి, గోడ మీద పెట్టి, కొవ్వొత్తి వెలుతురులో రాసింది. పిట్ట పేరు రాసింది. ఎన్ని అన్న గడిలో ఒకటి వేసింది. 'చోటు చూపినవారు' అన్న చివరి గడి దగ్గర నా పేరు మొదలుపెట్టడం కనపడకపోయినా తెలిసింది నాకు.

"ఆగు. ఆడ నా పేరు కాదు. జోజప్ప అని రాయి."

రెహానా సమాధి వైపు చూసి, నా వైపు చూసింది.

"తాతకు పిట్టల లెక్క తెలుసా అమ్మమ్మా?"

"లెక్క తెలీదే. అయి దిగే యేళ తెలుసు."